అతుకు దగ్గర తప్పిన లెక్క

స్కానింగ్ సెంటర్ వెనక వీధిలో టీ కొట్టు దగ్గర రెండు నిమిషాలు నిలబడితే చాలు, ఆమె గురించి అడక్కుండానే చెబుతారు. ఒకసారి కంప్యూటర్ ఒక పెద్దాయన ఎముకను మింగేసిందట. డాక్టర్లు చూసి కనిపెట్టలేకపోయారట, ఇంజినీర్లు చూసి కనిపెట్టలేకపోయారట. బడి సగంలో మానేసిన పిల్ల, వచ్చినవాళ్ల చేత బట్టలు మార్పించే పిల్ల, ఒక్క చూపు చూసి, "ఇదిగో, ఇక్కడ ఎముక పోయింది" అని వేలు పెట్టి చూపించిందట. చెప్పే మనిషిని బట్టి అది ఒకరోజు పక్కటెముక, ఇంకోరోజు మోకాలి చిప్ప. మందుల షాపతను చెబితే ఏకంగా రెండు ఎముకలు.

అదే సమయానికి ఆమె ఆ దారిన వస్తే అందరూ మాట ఆపి జరిగి దారిస్తారు. ఆమె తల దించుకుని, బ్యాగు గుండెకు హత్తుకుని గబగబా దాటిపోతుంది.

"చూశారా, ఎంత అణకువో!" అంటాడు టీ కొట్టాయన. "నిండు కుండ తొణకదు మరి."

ఆమెకు ఆ మాట వినబడుతుంది. చెవులు కాలిపోతాయి.

ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. సెంటర్‌లో అందరూ పిలిచే పేరు అతుకులమ్మ. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు వాళ్ల నాన్న ఫోటో స్టూడియో గురించి చెప్పాలి.

స్టూడియో అంటే ఒక గది, ఒక పరదా, పరదా వెనక ఇంకో చీకటి గది. వాళ్ల నాన్నకు బడిపిల్లల గ్రూపు ఫోటోలంటే ప్రాణం. వందమంది పిల్లలు ఒక ఫోటోలో పట్టరు కాబట్టి వరసను మూడు ముక్కలుగా తీసేవాడు. ఒక ముక్క చివర నిలబడ్డ పిల్లలు తర్వాతి ముక్క మొదట్లో కూడా పడేవాళ్లు. తర్వాత ఆ మూడింటినీ బల్ల మీద పరిచి, రెండుసార్లు పడ్డవాళ్లను ఒకసారే ఉండేట్టు కత్తిరించి అతికేవాడు. అతుకు ఎక్కడుందో ఆ పిల్లల తల్లులు కూడా పోల్చుకోలేకపోయేవారు.

ఆమె ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఆమె బడి ఫోటో కూడా ఆయనే తీశాడు. రెండో వరసలో ఆమె సరిగ్గా అతుకు పడేచోట నిలబడింది. ఆయన ఈ ముక్కలోంచి ఒక అంచు కోశాడు, ఆ ముక్కలోంచి ఒక అంచు కోశాడు. ఫోటో అద్దంలా వచ్చింది. కాని పిల్లలు నూట పన్నెండు మందైతే, ఫోటోలో నూట పదకొండు మందే ఉన్నారు. లేనిది ఆమె.

హెడ్మాస్టర్ స్టూడియోకి వచ్చి, "ఏమయ్యా, సొంత కూతుర్నే ఎగరగొట్టేశావు?" అని నవ్వుతూ అడిగాడు.

"కెమెరా పాతబడిందండి. అంచుల్లో పడ్డ మనిషిని మింగేస్తోంది" అన్నాడు నాన్న.

పరదా వెనక నుంచి ఆమె అంతా వింది. బల్ల కింద నేల మీద రెండు సన్నటి కాగితం పీలికలు పడి ఉన్నాయి. ఒకదాని మీద ఆమె ఎడమ కన్ను, ఎడమ జడ. ఇంకోదాని మీద కుడివి. ఆమె వాటిని పిడికిట్లో పట్టుకుని నోరు మూసుకుని నిలబడింది. ఆ సాయంత్రం నాన్న ఆమె ముఖంలోకి చూడకుండా అన్నాడు. "అతుకు దగ్గర తలలు లెక్కపెట్టాలమ్మా. కత్తెర వేసే ముందు ఒకసారి, వేశాక ఒకసారి."

తర్వాత ఫోన్లలోకి కెమెరాలు వచ్చాయి, స్టూడియో మూతబడింది. పదో తరగతి పరీక్షల ఏడాది ఆమె బడి మానేసి స్కానింగ్ సెంటర్‌లో చేరింది. పని పెద్ద కష్టమైనది కాదు. మెషీన్ పెద్ద అయస్కాంతం కాబట్టి వచ్చినవాళ్ల చేత గాజులు, గొలుసులు, బెల్టులు తీయించాలి. గౌను తొడిగించాలి. భయపడేవాళ్ల చెయ్యి పట్టుకుని మెషీన్ గది దాకా తీసుకెళ్లాలి. మిగతా సమయమంతా గాజు అద్దం ఇవతల, టెక్నీషియన్ వెనక స్టూలు మీద కూర్చోవాలి. ఆమె మాట్లాడదు, చూస్తుంది. అలా చూస్తూ చూస్తూ పని సగం నేర్చేసుకుంది.

సెంటర్‌లో మనిషి ఒళ్లంతా ఒకే బొమ్మలో చూపించే స్కాన్ ఒకటుంది. మెషీన్ గొట్టంలో నిలువెత్తు మనిషి ఒక్కసారి పట్టడు. అందుకే బల్ల కొంచెం కొంచెం జరుగుతూ అయిదు ముక్కలుగా తీస్తుంది. తల, రొమ్ము, నడుము, తొడలు, కాళ్లు. ఒక ముక్క కింది అంచు తర్వాతి ముక్క పై అంచులో కూడా పడుతుంది. ఆ అయిదింటినీ కలిపి తల నుంచి అరికాలి దాకా ఒకే మనిషిని చేసేది సాఫ్ట్‌వేర్. బల్ల ఎంత జరిగిందో దానికి లెక్క ఉంటుంది. ఆ లెక్క ప్రకారం అతికేస్తుంది.

మొదటిసారి అది చూసినప్పుడు ఆమెకు నాన్న బల్ల గుర్తొచ్చింది.

మనిషి మధ్యలో కదిలితే ఆ అతుకు దగ్గర ఒంటి అంచు చిన్న మెట్టులా కనబడుతుంది. అలాంటప్పుడు మౌస్‌తో ముక్కను అటూ ఇటూ జరిపి సర్దొచ్చు. టెక్నీషియన్‌కి ఆ ఓపిక లేదు. "ఏమ్మా, ఇది కాస్త నువ్వు చూడు" అని కుర్చీ ఇచ్చేవాడు. ఆమె చెయ్యి పడితే వెన్నలోంచి వెంట్రుక తీసినట్టుండేది. పెద్ద డాక్టరమ్మ ఒకరోజు బొమ్మ చూసి, "ఎవరిదీ అతుకు?" అని అడిగింది. "మన అతుకులమ్మదండీ" అన్నాడు టెక్నీషియన్. ఆ పేరు అప్పుడు అంటుకుంది. డాక్టరమ్మ ఆమెకు విడిగా పాస్‌వర్డ్ కూడా ఇప్పించింది. జీవితంలో ఆమెను మెచ్చుకున్నవాళ్లు తక్కువ. ఆ ఒక్క మెప్పు ఆమె తలకెక్కింది. పైకి కనబడేది కాదు గాని, ఎక్కింది.

ఒక సోమవారం ఒక వడ్రంగి పెద్దాయన వచ్చాడు. నడుము నొప్పి. వెన్నులో ఏదో మచ్చ ఉందనీ, ఒంట్లో ఇంకెక్కడైనా ఉందేమో చూడమనీ పంపించారు.

"బాబాయ్, ఒంట్లో ఇనుమేమైనా ఉందా?" అని ఆమె ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగింది.

"నోట్లో మేకులు పెట్టుకుని పనిచేసేవాణ్ణి తల్లీ. నలభై ఏళ్లలో ఎన్ని మింగానో నాకేం తెలుసు!"

ఆమె ముఖం పాలిపోయింది. "నిజంగా?"

"నువ్వు మరీను! మింగితే ఇంతసేపు నిలబడి మాట్లాడతానా?"

ఆయన జేబులో మడత స్కేలు ఉంది. అది తీసి ఇవ్వడానికి చాలాసేపు గునిశాడు. "అది లేకపోతే నాకు బట్టలు విప్పేసినట్టుంటుంది" అన్నాడు. తీరా లోపల పడుకున్నాక ఆయనకు దగ్గొచ్చింది. రెండో ముక్కకీ మూడో ముక్కకీ మధ్య ఆయన నడుము పక్కకి కదిలింది.

సాఫ్ట్‌వేర్ అయిదు ముక్కలూ అతికి ఇచ్చింది. నడుము దగ్గర ఒంటి అంచు మెట్టులా ఉంది. ఆమె కుర్చీలో కూర్చుంది. కింది ముక్కను కొంచెం పక్కకి జరిపింది, దాని కిందివీ వెంటే కదిలాయి. చాల్లేదు. కొంచెం పైకి జరిపింది. ఇంకొంచెం. ఒక్కసారి రెండు ముక్కల వెన్నూ దువ్వెన పళ్లలా టక్కున కుదిరింది. పక్క అంచు గీత గీసినట్టు వచ్చింది. సాఫ్ట్‌వేర్ "మార్పు ఖాయమా?" అని అడిగింది. ఆమె ఖాయం అని నొక్కింది.

వెన్నుపూసలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఒకదాని మీద దాని పక్కది కూర్చున్నా అంతే అందంగా కుదురుతుంది. ఆమె అంచు చూసుకుంది గాని లెక్క చూసుకోలేదు.

డాక్టరమ్మ పైనుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి, నడుము పూసల్లో మూడోదానిలో మచ్చ అని రాసింది. మిగతా ఒళ్లు శుభ్రంగా ఉంది. గురువారం పెద్దాసుపత్రిలో సూది గుచ్చి ఆ పూసలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని నిర్ణయించారు.

మంగళవారం మధ్యాహ్నం వడ్రంగి తన ఫిల్ము తీసుకోవడానికి వచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. "అబ్బో, నేను లోపల కూడా బాగానే ఉన్నానే" అన్నాడు. ఫిల్ము పక్కన చిన్న గీత, దాని మీద పది సెంటీమీటర్లని రాసి ఉంది. ఆయన జేబులోంచి మడత స్కేలు తీశాడు. ముందు ఆ గీతను కొలిచాడు, తర్వాత నడినెత్తి నుంచి మడమ దాకా కొలిచాడు. పెదాలు కదుపుతూ హెచ్చవేశాడు.

"అమ్మాయ్, నేను నూట అరవై ఎనిమిది. మీ లెక్కలో నూట అరవై నాలుగొచ్చానేంటి? ముసలాణ్ణయ్యాననుకో, మరీ రాత్రికి రాత్రి నాలుగు సెంటీమీటర్లు అరిగిపోతానా?"

"పడుకున్నారు కదా బాబాయ్" అంది ఆమె, నోటికొచ్చింది.

"పడుకుంటే చెక్కయినా, మనిషయినా పొట్టిదవుతుందా?" ఆయన పెద్దగా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. ఆయన ఫిల్ము చుట్టుకుని, తన జోకుకు తానే నవ్వుకుంటూ మెట్లు దిగిపోయాడు.

ఆ నాలుగు సెంటీమీటర్లు ఎక్కడ పోయాయా అని ఆమె కంప్యూటర్ దగ్గరకెళ్లి ఆ బొమ్మ తెరిచింది. వేలు పెట్టి మెడ నుంచి లెక్కపెట్టింది. ఇరవై మూడు. మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై మూడే. తను చేసిన మార్పు తీసేసి, సాఫ్ట్‌వేర్ మొదట అతికిన బొమ్మ తెరిచింది. నడుము దగ్గర మెట్టు ఉంది, పూసలు ఇరవై నాలుగు ఉన్నాయి. మచ్చ ఉన్నది మూడో పూసలో కాదు, నాలుగో పూసలో.

గురువారం సూది మంచి పూసలోకి వెళ్తుంది. అందులో ఏమీ దొరకదు. నీకేం లేదు, ఇంటికెళ్లమంటారు. ఆయన నమ్మి వెళ్లిపోతాడు.

ఆమె డాక్టరమ్మ గదికి పరుగెత్తింది. జీవితంలో మొదటిసారి తలుపు కొట్టకుండా లోపలికి వెళ్లింది. "అమ్మా, నిన్నటి వడ్రంగి బాబాయ్ బొమ్మలో ఒక పూస పోయిందమ్మా! అతుకు దగ్గర!"

డాక్టరమ్మ లేచి వచ్చి చూసింది, తనూ లెక్కపెట్టింది. వెంటనే పెద్దాసుపత్రికి ఫోన్ చేసి రిపోర్టు మార్పించింది. ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడి ఊపిరి వదిలింది.

"ఛీ ఛీ, ఈ సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకుంటే కొంప మునిగేది. పూసకి పూసే మింగేసింది చూడు! నువ్వు చూడబట్టి సరిపోయింది తల్లీ."

తల్లీ. డాక్టరమ్మ ఎవర్నీ అలా పిలవదు. ఆమె నోరు తెరిచింది. "అది" అంది. అప్పటికే డాక్టరమ్మ మేనేజర్‌ను కేకేసింది, మేనేజర్ వచ్చాడు, టెక్నీషియన్ వచ్చాడు, నర్సులు తలుపు దగ్గర గుమిగూడారు. ఎవరో చప్పట్లు కొట్టారు. తేలు కుట్టిన దొంగలా ఆమె నిలబడిపోయింది.

మర్నాటికి నోటీసు బోర్డు మీద ఆమె ఫోటో పడింది. మూడో రోజుకి టీ కొట్టు దాకా పాకింది. గురువారం వడ్రంగికి సరైన పూసలోనే సూది పడింది. అది విని ఆమె బాత్రూములోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఆయన తప్పించుకున్నాడు, ఇక చెప్పకపోయినా ఎవరికీ నష్టం లేదు అనుకుంది. ఒక రోజంతా అలాగే అనుకుంది.

శుక్రవారం మేనేజర్ అందర్నీ పిలిచి ఒక మాట చెప్పాడు. "సోమవారం నుంచి సాఫ్ట్‌వేర్ చేత అతికించడం బంద్. అన్ని బొమ్మలూ చేత్తోనే. మన అతుకులమ్మ అతుకుతుంది, ఇంకో ఇద్దరికి నేర్పుతుంది." ఆమె వైపు తిరిగి, "ఏమ్మా, సిద్ధమేనా?" అన్నాడు.

అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె తల ఊపింది. ఏ వైపు ఊపిందో ఆమెకే తెలియదు.

ఇంటికొచ్చేసరికి వాళ్ల నాన్న గుమ్మంలో పక్కింటి ఆవిడకు కథ చెబుతున్నాడు. "మా అమ్మాయి కన్నంటే కన్నే. నేను నేర్పిన పనే కదా! ఎంత పెద్ద కంప్యూటరైనా అంచుల్లో పడ్డదాన్ని మింగేస్తుందమ్మా, మనిషి కన్నుండాలి."

పక్కింటావిడ వెళ్లాక ఆమె చెప్పులు విప్పకుండానే గోడకు ఆనుకుని కూర్చుంది.

"నాన్నా. కంప్యూటర్ మింగలేదు."

"మరి?"

"అది సరిగ్గానే పెట్టింది. అంచు బాగులేదని నేనే జరిపాను. లెక్కపెట్టలేదు."

ఆయన చేతిలో ఉన్న గ్లాసును బల్ల మీద పెట్టి, మళ్లీ కొంచెం పక్కకి జరిపి పెట్టాడు.

"వాళ్లకు చెప్పావా?"

"లేదు."

"నేనూ చెప్పలేదు" అన్నాడు ఆయన.

ఏ సంగతని ఆమె అడగలేదు. ఆ రెండు కాగితం పీలికలు ఇంకా ఆమె పెట్టె అడుగున ఉన్నాయి. ఆయనకు ఆ సంగతి తెలుసో లేదో ఆమెకు ఈనాటికీ తెలియదు.

"ఆ హెడ్మాస్టర్ పోయాడు" అన్నాడు ఆయన కాసేపాగి. "ఇప్పుడు చెబుదామన్నా వినేవాడు లేడు. మీ డాక్టరమ్మ నిక్షేపంలా ఉంది కదా."

శనివారం ఆమె డాక్టరమ్మ గది తలుపు కొట్టింది. కూర్చోమంటే కూర్చోలేదు. దారిలో వంద రకాలుగా అనుకున్న మాటలన్నీ పోయాయి, రెండే మిగిలాయి. "నేనే జరిపానమ్మా. మొదటిది సరిగ్గా ఉంది."

డాక్టరమ్మకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఆ బొమ్మ రికార్డు తెరిచింది. సాఫ్ట్‌వేర్ అన్నీ రాసుకుంటుంది. ఎన్ని గంటలకు, ఎవరి పాస్‌వర్డ్‌తో, ఎంత జరిపారో వరసగా ఉంది. ఇన్నిరోజులూ అది అక్కడే ఉంది. ఎవరూ చూడలేదంతే.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నాలుగు రోజులు నేను నిన్ను పొగుడుతుంటే విన్నావు."

"విన్నానమ్మా."

"ఇప్పటిదాకా ఎన్ని బొమ్మలు ఇలా చేత్తో జరిపావు?"

ఆ ప్రశ్న ఆమెకు అంతవరకు తట్టలేదు. ఒక్క పూస గురించే కుమిలిపోతూ, వెనక ఎంతమంది వెన్నులున్నాయో మరిచిపోయింది. ఈసారి చెప్పకుండానే కూర్చుంది. "లెక్కపెట్టలేదమ్మా."

"లెక్కపెట్టు" అంది డాక్టరమ్మ.

నూట నలభై మూడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మూడు రోజులపాటు ఒక్కొక్క బొమ్మా తెరిచారు. ఆమె వేలు పెట్టి పైకి లెక్కపెట్టేది, డాక్టరమ్మ మనసులో లెక్కపెట్టేది. మధ్యలో వేరే మాట లేదు. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు. తొంభై ఒకటో బొమ్మలో ఒకావిడకు ఇరవై మూడే వచ్చాయి. ఆమె వేలు తెర మీదే ఆగిపోయింది. డాక్టరమ్మ అతకకముందు ముక్కలను విడివిడిగా తెరిపించింది. వాటిలోనూ అంతే. కొందరు పుట్టుకతోనే అలా ఉంటారు.

"ఇది నీ పని కాదు. పైవాడి పని" అంది డాక్టరమ్మ. మూడు రోజుల్లో ఆవిడ అన్న ఒకే ఒక్క పక్కమాట అది. ఆమెకు నవ్వు రాలేదు.

మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ అతికించడం ఆపలేదు. చేత్తో జరపడమే ఆపేశారు. మెట్టు ఉంటే మెట్టు అలాగే ఉండనిచ్చి, కింద ఒక మాట రాయాలన్నారు. మేనేజర్ మాత్రం తలుపు మూసి, "ఇది బయటికి పొక్కితే సెంటర్ పరువు గంగలో కలుస్తుంది, జరిగిందేదో మనలోనే ఉండనివ్వండి" అన్నాడు. నోటీసు బోర్డు మీద ఫోటో ఆమే తీసేసింది. నాలుగు పిన్నులు గోటితో పీకి జేబులో వేసుకుంది. పాస్‌వర్డ్ తిరిగిచ్చేసి మళ్లీ గాజులు తీయించే పనికి వెళ్లింది. రెండు నెలల తర్వాత డాక్టరమ్మ పిలిచి, ప్రతి బొమ్మలో పూసలు లెక్కపెట్టి కాగితం మీద రాసే పని ఇచ్చింది. పిలుపు మాత్రం మళ్లీ "అమ్మాయ్" అయింది.

వడ్రంగికి పరీక్షలో జబ్బు తేలింది. మందులు మొదలుపెట్టారు. తర్వాతి స్కాన్‌కి వచ్చినప్పుడు జుట్టు పోయి, టోపీ పెట్టుకుని ఉన్నాడు. మేనేజర్ మాట పక్కనపెట్టి, గౌను ఇస్తూ ఆమె ఆయనకు అంతా చెప్పేసింది.

"అదా! నువ్వు కోసింది బొమ్మనే కదే, నన్ను కాదుగా" అన్నాడు తేలిగ్గా.

"సూది గుచ్చేది మిమ్మల్నే కదా బాబాయ్."

ఆయన జేబులోంచి స్కేలు తీసి ఒక్కొక్క మడతా వేసి ఆమె చేతిలో పెట్టాడు. "నేను వేళాకోళానికి కొలిచాను. కొలవకపోతే?"

జవాబు కోసం ఆగకుండా మెషీన్ గదిలోకి నడిచాడు. అప్పటి నుంచి మూడు నెలలకోసారి వస్తాడు. వచ్చినప్పుడల్లా ఒకటే ప్రశ్న.

"లెక్కపెట్టావా?"

"ఇరవై నాలుగు బాబాయ్."

టీ కొట్టు దగ్గర కూడా ఒకసారి చెప్పి చూసింది. అక్కడ నిలబడి నలుగురిలో మాట్లాడటం ఆమెకు చావుతో సమానం. అయినా, "అది నేను పట్టుకోలేదండీ, నేనే తప్పు చేశాను" అంది. అందరూ ముఖముఖాలు చూసుకున్నారు. "మెచ్చుకుంటే తప్పుకుపోయే మనుషులు ఈ రోజుల్లో ఎక్కడమ్మా!" అన్నాడు టీ కొట్టాయన. మందుల షాపతను చేతులు జోడించాడు. ఆ సాయంత్రం నుంచి కథలో ఎముకలు మూడయ్యాయి.

వాళ్లు ఇంకా అదే చెబుతున్నారు. ఆ సోమవారం కంప్యూటర్ ఏ ఎముకనూ మింగలేదు. ఇరవై నాలుగు పూసల్నీ వాటి వాటి చోట్లలోనే పెట్టింది.